ఎముక బలం కాల్షియం లెక్కకు అందదు

ఎముకల గురించి ఎవరితో మాట్లాడినా రెండో మాటకే కాల్షియం వచ్చేస్తుంది. మోకాలు నొప్పన్నా, నడుము పట్టేసిందన్నా, పెద్దాయన జారిపడి తుంటి విరిగిందన్నా "కాల్షియం తగ్గి ఉంటుంది" అనేస్తారు. టైమ్ లేనప్పుడు డాక్టర్లు కూడా ఆ మాటతోనే సరిపెడతారు. నేను మెడికల్ విద్యార్థులకు హిస్టాలజీ చెబుతాను. శరీరంలోని కణజాలాల్ని మైక్రోస్కోప్ కింద చదివే సబ్జెక్టు అది. ఎముక స్లైడ్లు చూపించే వారం వచ్చినప్పుడల్లా నాకు ఈ మాట మీద కోపం పెరుగుతూ వచ్చింది.

కాల్షియం అక్కర్లేదని నేను అనడం లేదు. శరీరంలో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంది. పెద్దవాళ్లలో అది సుమారు ఒక కిలో. అది లేకుండా ఎముక లేదు. కానీ ఆ కిలోను ఎలా పేర్చారు, ఆ పేర్పును రోజూ ఎవరు చూసుకుంటున్నారు అన్నదాన్ని బట్టే ఎముక నిలబడుతుందా విరుగుతుందా అన్నది తేలుతుంది. ఈ రెండు సంగతులూ మన పాఠాల్లో బాణం గుర్తులుగా మిగిలిపోయాయి, మన పరీక్షల్లో అసలే లేవు. వాటిని మళ్లీ మధ్యలోకి తేవాలన్నదే నా వాదన.

తప్పు ల్యాబ్‌లోనే మొదలవుతుందని నాకనిపిస్తుంది. ఎముకను స్లైడ్ చేయడం మిగతా అవయవాలంత సులువైన పని కాదు. కాలేయాన్నో మూత్రపిండాన్నో మైనంలో బిగించి కోసినట్టు ఎముకను కోయబోతే బ్లేడు అంచు పోతుంది. అందుకని రెండు దారులున్నాయి. ఒకటి, ఎండిన ఎముకను రంపంతో కోసి, ఆ ముక్కను వెలుతురు దాటేంత పల్చగా అరగదీయడం. దీన్ని గ్రౌండ్ సెక్షన్ అంటాం. రెండోది, ఎముకను ఆమ్లంలోనో, కాల్షియంను పట్టి లాగేసే ఈడీటీఏ ద్రావణంలోనో రోజుల తరబడి నానబెట్టి ఖనిజమంతా కరిగించేసి, మిగిలిన మెత్తటి ముక్కను మామూలుగా కోసి రంగులు వేయడం. ఇది డీకాల్సిఫైడ్ సెక్షన్.

మొదటి స్లైడ్‌లో ఖనిజం ఉంటుంది గానీ కణాలుండవు. ఎముక ఎండినప్పుడే అవి పోయాయి. రెండో స్లైడ్‌లో కణాలుంటాయి గానీ ఖనిజం ఉండదు. పుస్తకాలు చదివిన అందరికీ గుర్తుండిపోయేది మొదటి దాని బొమ్మే: మధ్యలో ఒక రంధ్రం, చుట్టూ వలయాలు, వలయాల నడుమ సన్నటి కాళ్లున్న నల్లటి మచ్చలు. ఆ మచ్చల్ని చూపించి ఇవేంటని అడిగితే క్లాసులో చాలామంది "ఆస్టియోసైట్లు" అని ధైర్యంగా చెబుతారు. ఆస్టియోసైట్లంటే ఎముక లోపల బతికే కణాలు. ఆ మచ్చలు అవి ఒకప్పుడు ఉన్న గూళ్లు. ఇప్పుడు వాటిలో ఉన్నది గాలి, కొంచెం అరుగుడు పొడి. గాలి దగ్గర వెలుతురు దారి మళ్లుతుంది కాబట్టి నల్లగా కనబడుతున్నాయి. అంటే ఎముక పేరుతో మన తలల్లో నిలిచిపోయిన బొమ్మలో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. దాన్నే గీస్తారు, పేర్లు రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అలా చదువుకుని డాక్టరైన మనిషి ఎముకను ఒక రాయిగా చూస్తే ఆశ్చర్యమేముంది?

ముందు పదార్థం సంగతి చూద్దాం. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. హైడ్రాక్సీ అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ అది, కాస్త కార్బొనేట్ కూడా కలిసి ఉంటుంది. మొత్తం బరువులో పదో వంతు నీరు. మిగిలినదంతా దాదాపుగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. అయితే బరువు పక్కన పెట్టి ఎంత చోటు పట్టిందో లెక్కేస్తే ఖనిజం వాటా సగం కంటే తక్కువకు దిగుతుంది. మిగతా చోటంతా ప్రోటీన్‌దీ నీటిదీ.

కొల్లాజెన్ అణువంటే మూడు గొలుసులు ఒకదానితో ఒకటి మెలిపడి ఏర్పడిన 300 నానోమీటర్ల పొడవైన పోగు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు). మందం ఒకటిన్నర నానోమీటరు. ఇవి పక్కపక్కన చేరేటప్పుడు అన్నీ ఒకే గీత మీద మొదలవవు. ఒక్కొక్కటీ పక్కదానికంటే 67 నానోమీటర్లు జరిగి కూర్చుంటుంది. ఆ జరుగుడు వల్ల ఒక అణువు కొనకూ దాని వరసలో తరువాతి అణువు మొదలుకూ మధ్య దాదాపు 40 నానోమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఖనిజ స్ఫటికాలకు మొదట చోటు దొరికేది ఆ ఖాళీల్లోనే. అవి పలుచని పలకల్లా పెరుగుతాయి. పొడవు కొన్ని పదుల నానోమీటర్లు, మందం రెండు నుంచి ఐదు నానోమీటర్లు. ఇంత చిన్నగా ఉండటంలో పెద్ద లాభం ఉంది. పెళుసు పదార్థం ఏదైనా తనలో అప్పటికే ఉన్న లోపం దగ్గర విరుగుతుంది. ముక్కే అంత చిన్నదైతే దానిలో పెద్ద లోపానికి చోటుండదు. పెళుసైన ఖనిజాన్ని అది విరగడం కష్టమయ్యే సైజులో తయారుచేసి, సాగే ప్రోటీన్ మధ్యలో పొదగడం ఎముక చేసిన పని.

దాని మీద ఇంకో అంతస్తు అమరిక. ఈ పోగులు కొన్ని మైక్రాన్ల మందమున్న పొరలుగా పడతాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒక పొరలో పోగులు ఒక వైపు సాగితే పక్కకు వెళ్లే కొద్దీ వాటి వాలు మారుతూ పోతుంది. 1988లో మారీ మాడెలిన్ జిరో గీయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దీన్ని మెలితిప్పిన ప్లైవుడ్‌తో పోల్చారు, ఆ పోలికే స్థిరపడిపోయింది. ఒక వైపు నుంచి వచ్చిన పగులుకు సులువైన దారి పక్క పొరలో దొరకదు. అయితే ఎముక ఎప్పుడూ ఇంత ఓపికగా తయారు కాదు. గర్భంలో పిండానికి, విరిగిన ఎముక అతుక్కునే చోట, ముందుగా పోగులు ఎటు పడితే అటు పడిన వోవెన్ బోన్ వస్తుంది. అది త్వరగా తయారవుతుంది, చాలాసార్లు ఖనిజం కూడా ఎక్కువే పడుతుంది, అయినా బలం తక్కువ. అందుకే శరీరం దాన్ని తీసేసి పొరల ఎముకను పెడుతుంది.

పాత కాలం నుంచీ చేసి చూపిస్తున్న ప్రయోగం ఒకటుంది. సన్నటి ఎముకను పలుచని ఆమ్లంలో వదిలేస్తే ఖనిజం కరిగిపోతుంది. రూపం చెక్కుచెదరదు, కానీ వంచితే వంగుతుంది, ముడి కూడా వేయొచ్చు. ఇంకో ఎముకను బాగా కాల్చి ప్రోటీన్‌ను పోగొడితే కూడా రూపం అలాగే ఉంటుంది. కానీ వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. కాల్షియం అంతా ఆ పొడిలోనే ఉంది. మొదటి సగాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు, రెండో సగం గురించి అడిగితే తడబడతారు.

ఈ రెండో సగాన్ని ప్రకృతే కొందరు పిల్లల్లో చేసి చూపిస్తుంది. ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అనే జబ్బులో చాలామందికి లోపం కొల్లాజెన్ జన్యువులో ఉంటుంది. కొల్లాజెన్ గొలుసులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్ అయి తీరాలి, ఎందుకంటే మెలిక మధ్యలో దానికంటే పెద్దది పట్టదు. ఒక్క గ్లైసిన్ స్థానంలో వేరేది వచ్చినా మెలిక సరిగా పడదు. ఆ పిల్లలకు చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతాయి. వాళ్ల ఎముక మొత్తం తక్కువగా ఉండొచ్చు గానీ, ఉన్న పదార్థాన్ని చిన్న ముక్కగా తీసి చూస్తే దానిలో ఖనిజం సాంద్రత మామూలు కంటే ఎక్కువగానే కనబడుతుంది. ఎక్కువ ఖనిజం, ఎక్కువ పెళుసు.

దీనికి నాకు అన్నిటికంటే ఇష్టమైన సాక్ష్యం జాన్ కరీ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త 1979లో ఇచ్చినది. ఆయన మూడు ఎముకల్ని పక్కపక్కన పెట్టి కొలిచాడు. ఒకటి ఎర్ర జింక కొమ్ము. జింక కొమ్ము నిజంగా ఎముకే. రెండోది ఆవు తొడ ఎముక. మూడోది ఫిన్ తిమింగలం చెవి దగ్గరి బుల్లా అనే ఎముక. ఖనిజం శాతం కొమ్ములో సుమారు 59, తొడ ఎముకలో 67, చెవి ఎముకలో 86. కాల్షియం మాట నిజమైతే చెవి ఎముక గెలవాలి. వంగకుండా ఉండటంలో అది గెలిచింది కూడా. కానీ పగలగొట్టడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో చూస్తే లెక్క పూర్తిగా తిరగబడింది: కొమ్మును పగలగొట్టడానికి చెవి ఎముక కంటే దాదాపు 30 రెట్లు శక్తి కావాల్సివచ్చింది. కొమ్ములు పెట్టుకుని పోట్లాడే జంతువుకు విరగకపోవడం ముఖ్యం. నీటిలో శబ్దం పట్టుకోవాల్సిన చెవి ఎముకకు వంగకపోవడమే ముఖ్యం, దాని మీద ఎవరూ గుద్దరు. ఏ పనికి ఆ మోతాదు. తొడ ఎముక మధ్యలో ఎక్కడో రాజీపడి ఉంది, ఎందుకంటే దానికి రెండూ కావాలి.

ఇది జంతువుల సంగతి, మనుషుల్లో అయితే వేరేమో అనుకునేవాళ్లకు 1990లో అమెరికాలో వచ్చిన ట్రయల్ ఒకటి ఉంది. మెనోపాజ్ దాటి ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉన్న 202 మంది మహిళల్లో కొందరికి నాలుగేళ్లపాటు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర. రెండు గుంపులకూ రోజూ కాల్షియం అందుతూనే ఉంది. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ల వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. స్కాన్ రిపోర్టు మాత్రమే చూసేవాళ్లు పండగ చేసుకునే అంకె అది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వెన్నెముక బయటి ఎముకల్లో విరగడాలు మూడు రెట్లయ్యాయి. దీనికి తలకిందులుగా, 1999లో రెలాక్సిఫీన్ అనే మందు మీద వచ్చిన పెద్ద ట్రయల్లో వెన్నెముక సాంద్రత రెండు మూడు శాతమే పెరిగింది, కానీ వెన్నుపూసల విరగడాలు దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గాయి. ఈ రెండు ట్రయల్స్‌నూ ఒకే క్లాసులో పక్కపక్కన చెబితే చాలు, సాంద్రత ఒక్కటే బలం అని ఎవరూ అనలేరు.

ఇక కణాల దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువ మాట్లాడాలని ఉన్నది వీటి గురించే.

గట్టి ఎముకలో ఆ వలయాల గుంపు పేరు ఆస్టియాన్. అడ్డంగా కోస్తే వెడల్పు దాదాపు 200 నుంచి 250 మైక్రాన్లు, మధ్య కాలువ 50 మైక్రాన్ల చుట్టుపక్కల. ఆ కాలువకు క్లాప్టన్ హేవర్స్ అనే ఇంగ్లిష్ వైద్యుడి పేరు పెట్టారు. ఆయన 1691లో వాటి గురించి రాశాడు. మూలుగలోని నూనె వాటి గుండా ఎముకంతా పాకుతుందని ఆయన అనుకున్నాడు. అక్కడ నిజంగా ఉండేవి రక్తనాళాలు, నరాలు. సరే, ఆస్టియాన్ ఆ సైజులోనే ఎందుకుంది? ఖనిజం నిండిన పదార్థం గుండా ఆక్సిజన్, గ్లూకోజ్ సులువుగా పాకలేవు. లోపల ఇరుక్కున్న కణానికి అవి అందాలంటే ప్రత్యేకంగా దారులుండాలి. ఆ దారులు ఎంతో దూరం పోషించలేవు. మధ్య కాలువ నుంచి చివరి వలయం దాకా దూరం 100 మైక్రాన్లకు అటూ ఇటుగా ఉండటానికి కారణం ఇదే. పరీక్షలో "ఆస్టియాన్ గీసి భాగాలు గుర్తించండి" అని అడుగుతాం. "ఇది ఒక మిల్లీమీటరు వెడల్పు ఎందుకు ఉండదు?" అని అడగం. రెండో ప్రశ్నకు జవాబు తెలిసినవాడికి బొమ్మ దానంతటదే గుర్తుంటుంది.

ఆ దారులే కెనాలిక్యులై. వెడల్పు అర మైక్రాన్ కూడా ఉండదు. కొత్త ఎముకను వేసే ఆస్టియోబ్లాస్టుల్లో కొన్ని తాము వేసిన పదార్థంలో తామే కూరుకుపోయి ఆస్టియోసైట్లవుతాయి. కూరుకుపోతూనే చుట్టూ పదుల సంఖ్యలో సన్నటి చేతులు చాస్తాయి. ఒక్కో చేయి ఒక్కో సన్న కాలువలో ఉంటుంది, పక్క కణం చేతిని తాకుతుంది, ఆ తాకిన చోట రెండు కణాల మధ్య నేరుగా దారి ఉంటుంది. పెద్దవాళ్ల ఎముకలోని కణాల్లో 90 శాతానికి పైగా ఇవే, కొన్ని దశాబ్దాలపాటు బతకగలవు. 2015లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ఒక మనిషి అస్థిపంజరంలో వీటి సంఖ్య సుమారు 4,200 కోట్లు. వాటి చేతులన్నీ ఒకదాని వెనక ఒకటి పెడితే 1,75,000 కిలోమీటర్లు, అంటే భూమిని నాలుగు చుట్లు చుట్టి ఇంకా మిగులుతుంది. ఇంత అల్లిక ఉన్న కణజాలాన్ని మనం గ్రౌండ్ సెక్షన్‌లో నల్లటి మచ్చలుగా చూసి ముందుకు వెళ్లిపోతున్నాం.

ఇవన్నీ అక్కడ కూర్చుని ఏం చేస్తున్నాయి? చాలాకాలం పాటు వీటిని పని అయిపోయిన కణాలుగానే చూశారు. దానికి ఒక కారణం కూడా ఉంది. నడిచినప్పుడు, పరిగెత్తినప్పుడు ఎముక సాగడం, నొక్కుకుపోవడం వెయ్యిలో ఒకటి రెండు వంతులే. ల్యాబ్‌లో పెంచిన కణాల్ని అంతే సాగదీస్తే అవి పట్టించుకోవు. దాదాపు పది రెట్లు సాగదీస్తే గానీ స్పందించవు. మరి ఎముక తన మీద పడే బరువును ఎలా తెలుసుకుంటుంది? 1994లో వైన్‌బామ్, కొవిన్, జెంగ్ అనే ముగ్గురు ఒక లెక్క వేసి చూపించారు. ఎముక కొద్దిగా వంగినా ఆ సన్న కాలువల్లోని ద్రవం ఒక వైపు నుంచి ఇంకో వైపుకు కదులుతుంది. కాలువకూ కణం చేతికీ మధ్య ఉన్న ఇరుకు సందులో ఆ ద్రవం పోతూ చేతిని లాగుతుంది. బయటి చిన్న వంపు లోపల పెద్ద లాగుడుగా మారుతుంది. తరువాతి ఏళ్లలో ఈ ఆలోచనకు చాలా బలం చేకూరింది.

ఆ లాగుడు అందినప్పుడు ఆస్టియోసైట్ స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. స్క్లెరోస్టిన్ కొత్త ఎముక వేయడాన్ని ఆపే ప్రోటీన్. బరువు పడితే అడ్డు తొలగుతుంది, ఎముక పెరుగుతుంది. బరువు లేకపోతే అడ్డు పెరుగుతుంది. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉండటం, అంతరిక్షంలో ఉన్నవాళ్లకు తుంటి దగ్గర నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత తగ్గడం, ఈ రెండింటిలోనూ రక్తంలో కాల్షియం లోటు కథ కాదు. స్క్లెరోస్టిన్ జన్యువును 2001లో గుర్తించారు, అదీ ఎముకలు విపరీతంగా మందమయ్యే అరుదైన వంశపారంపర్య జబ్బు ఉన్న కుటుంబాల్ని పరిశీలించి. దాన్ని అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే మందుకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. "పని అయిపోయిన" కణం మాట విన్నందుకు దొరికిన మందు అది. అంతేకాదు, ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్‌ను ముఖ్యంగా ఈ కణాలే పంపి ఫాస్ఫేట్ ఎంత బయటికి వదలాలో మూత్రపిండాలకు చెబుతాయి.

కట్టిన ఎముక అలాగే ఉండిపోదు. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు 10 శాతం కొత్తదవుతూ ఉంటుంది. పాతదాన్ని తీసేది ఆస్టియోక్లాస్ట్, రక్తకణాల వంశానికి చెందిన, చాలా కేంద్రకాలున్న పెద్ద కణం. ఎముకకు అతుక్కుని, చుట్టూ అంచు మూసేసి, ఆ మూసిన చోటులోకి ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరిగాక కెథెప్సిన్ కె అనే ఎంజైమ్ కొల్లాజెన్‌ను తెంపుతుంది. గట్టి ఎముకలో ఈ కణాల గుంపు రోజుకు దాదాపు 40 మైక్రాన్ల చొప్పున సొరంగం తవ్వుతూ పోతుంది. వెనకే రక్తనాళం వస్తుంది, ఆస్టియోబ్లాస్టులు సొరంగం గోడల మీద పొర తరువాత పొర వేస్తూ లోపలికి నింపుకొస్తాయి. కాబట్టి ఆస్టియాన్‌లో బయటి వలయమే పాతది, మధ్య కాలువ పక్కనున్నది కొత్తది. విద్యార్థులు ఎక్కువమంది దీన్ని తలకిందులుగా ఊహించుకుంటారు. ఒక చోట తవ్వడానికి మూడు వారాలు పడితే నింపడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తవ్వడం ఆగి నింపడం మొదలైన చోట సిమెంట్ లైన్ అనే సన్నటి గీత మిగిలిపోతుంది. ఎక్కడి నుంచో వచ్చిన పగులు ఆ గీతను తాకితే చాలాసార్లు ఆస్టియాన్‌లోకి దూరకుండా దాని చుట్టూ మళ్లుతుంది.

పగుళ్లు రోజూ వస్తాయి. బతికున్న మనిషి ఎముకలోనే మైక్రోస్కోప్‌కు మాత్రమే కనబడే పగుళ్లు పడతాయని హెరాల్డ్ ఫ్రాస్ట్ 1960లో చూపించాడు. పగులు పడిన చోట కొన్ని ఆస్టియోసైట్ల చేతులు తెగుతాయి, ఆ కణాలు చచ్చిపోతాయి, ఆ చుట్టుపక్కలే ఆస్టియోక్లాస్టులు వచ్చి తవ్వడం మొదలవుతుంది. బాగుచేయాల్సిన చోటు ఎక్కడుందో ఎముకకు తెలుసు. ఈ తవ్వకం పూర్తిగా ఆగిపోతే ఏమవుతుందో మార్బుల్ బోన్ జబ్బు చెబుతుంది. జర్మన్ ఎక్స్‌రే నిపుణుడు ఆల్బర్స్ షోన్‌బర్గ్ 1904లో వర్ణించిన జబ్బు. ఆస్టియోక్లాస్టులు పనిచేయవు, ఎముక పేరుకుపోతూనే ఉంటుంది, ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది, విరుగుతూ ఉంటుంది.

ఇదంతా పుస్తకాల గొడవే అనుకోకండి. ఆ మధ్య మా అమ్మ నిలుచున్న చోటే తూలి పడితే మణికట్టు విరిగింది. కట్టు వేశారు, తరువాత ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీశారు. టీ స్కోరు, అంటే యువ వయసువాళ్ల సగటుకు సాంద్రత ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, మైనస్ 1.9 వచ్చింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత ప్రకారం మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి పోతేనే ఆస్టియోపొరోసిస్. "డెన్సిటీ పర్వాలేదమ్మా, కాల్షియం వేసుకోండి" అని పంపేశారు. అమ్మ నిశ్చింతగా ఇంటికొచ్చింది, టెన్షన్ అంతా నాది. నిలుచున్న ఎత్తు నుంచి పడితే మణికట్టు విరిగిందంటే ఎముక తన బలహీనతను అప్పుడే చెప్పేసింది. అంతకంటే స్పష్టమైన పరీక్ష ఇంకేముంటుంది? ఆ మాటను ఒక అంకె తోసేసింది. విరిగిన ఎముకలున్నవాళ్లలో పెద్ద భాగానికి టీ స్కోరు ఆ గీత దాటి ఉండదన్నది కొత్త సంగతేమీ కాదు.

డెక్సా చెడ్డ పరీక్ష అని కాదు. అది కొలిచేదేమిటో గుర్తుండాలి అంతే. ఎక్స్‌రేను దారిలో ఎంత ఖనిజం ఆపిందో చూసి, దాన్ని నీడ వైశాల్యంతో భాగిస్తుంది. కొల్లాజెన్ మంచిదా కాదా దానికి తెలియదు. గట్టి ఎముకలో రంధ్రాలు పెరిగాయా, పగుళ్లు పోగయ్యాయా, ఆస్టియోసైట్లు బతికే ఉన్నాయా, ఏవీ దానికి కనబడవు. అన్నిటికంటే ముఖ్యంగా స్పాంజి ఎముకలోని సన్నటి కమ్మీల సంగతి. వెన్నుపూసల్లో, తుంటి దగ్గర, మణికట్టులో లోపలి భాగమంతా 100 నుంచి 200 మైక్రాన్ల మందమున్న ట్రాబెక్యులాలే. 1866 ప్రాంతంలో హెర్మన్ ఫాన్ మేయర్ అనే అనాటమిస్టు తొడ ఎముక పైభాగంలో వాటి అమరికను గీస్తే, కార్ల్ కుల్మన్ అనే ఇంజినీరు చూసి, తాను క్రేన్లలో బలం పారే గీతలు వేసినట్టే ఉందని గుర్తుపట్టాడు. ఆ కమ్మీల్లో నిలువువి బరువు మోస్తాయి, అడ్డంవి నిలువువి వంగకుండా పట్టుకుంటాయి. ఒక అడ్డ కమ్మీ పోతే, పట్టు లేని నిలువు పొడవు రెట్టింపవుతుంది. పొడవు రెట్టింపైతే అది వంగకుండా ఆగగలిగే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. పోయిన ఖనిజమేమో పిసరంత. పైగా మెనోపాజ్ తరువాత తవ్వకం ఎక్కువైనప్పుడు ఒక కమ్మీ మధ్యలో పూర్తిగా తెగిందంటే, మళ్లీ దాని మీద ఎముక వేయడానికి ఆస్టియోబ్లాస్టులకు అక్కడ గోడే ఉండదు. ఎన్ని కాల్షియం మాత్రలు మింగినా ఆ కమ్మీ తిరిగి రాదు. అందుకే ముందే గుర్తించాలన్న తొందర.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డాక్టరు కాల్షియం, విటమిన్ డి ఇస్తే వేసుకోండి. విటమిన్ డి లేకపోతే ఆస్టియోబ్లాస్టులు వేసిన ప్రోటీన్ ఖనిజం పట్టక మెత్తగా ఉండిపోతుంది, పిల్లల్లో రికెట్స్ అదే. ఆస్టియోక్లాస్టుల్ని అణిచే బిస్ఫాస్ఫొనేట్ మందులు తుంటి విరగకుండా ఎంతోమందిని కాపాడాయి. ఏళ్ల తరబడి వాడితే అరుదుగా తొడ ఎముక వింతగా విరగడం కూడా ఉంది. దాని వెనక మరమ్మతు మరీ నెమ్మదించడం ఉందన్నదే నిపుణులు ఎక్కువగా చెప్పే కారణం. ఎప్పుడు ఆపాలో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి, నా వ్యాసం చూసి ఆపేది కాదు.

నా వాదనకు అడ్డు వచ్చే సాక్ష్యం ఒకటి ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. చాలా రకాల ఆధునిక చేపల ఎముకల్లో ఆస్టియోసైట్లే ఉండవు. కణాల్లేకుండా అంత పెద్ద జీవవర్గం బతుకుతుంటే ఆస్టియోసైట్ లేనిదే ఎముక లేదని ఎలా అంటాను? మార్లిన్ వంటి ముక్కు చేపల్లో ఆస్టియోసైట్లు లేకపోయినా పాత ఎముకను తవ్వి కొత్తది వేసిన గుర్తులున్నాయని 2014లో చూపించారు కూడా. నేను ఒప్పుకుంటాను: పగులును పసిగట్టడానికి ఇది ఒక్కటే దారి కాదు. కానీ ఆ చేపలు కూడా నా మొదటి మాటనే బలపరుస్తున్నాయి. ఖనిజం పోగేసి వదిలేయకుండా తవ్వి మళ్లీ వేయడం వాటికీ అవసరమైంది. ఇంకో ఇబ్బంది మన ప్రయోగశాలల్లోనే ఉంది. ఎముక మందుల్ని మొదట పరీక్షించేది ఎలుకల్లో, చిట్టెలుకల్లో. వాటి గట్టి ఎముకలో మనలా తవ్వి నింపిన ఆస్టియాన్లు మామూలుగా ఉండవు. ఎలుకలో ఫలితం బాగుందంటే మన ఆస్టియాన్ల సంగతి తేలినట్టు కాదని విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే చెప్పాలి.

ఏం మారాలంటే, క్లినిక్‌లో మొదటి ప్రశ్న "ఎలా విరిగింది?" కావాలి. ఎంత ఎత్తు నుంచి పడ్డారు, ఇంతకు ముందు విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, స్టెరాయిడ్లు వాడారా. 2008లో వచ్చిన ఫ్రాక్స్ అనే లెక్క వీటిలో చాలావాటిని అడుగుతుంది, స్కాన్ లేకపోయినా పనిచేస్తుంది. దాన్ని వాడటానికి రెండు నిమిషాలు చాలు. మా అమ్మ విషయంలో వేరే డాక్టరు ఆ ప్రశ్నలే అడిగి, వైద్యం మార్చారు.

ల్యాబ్‌లో అయితే గ్రౌండ్ సెక్షన్‌నూ డీకాల్సిఫైడ్ సెక్షన్‌నూ ఎప్పుడూ విడివిడిగా చూపించకూడదు. రెండూ ఒకే బల్ల మీద, పక్కపక్కన ఉండాలి. "దీనిలో ఏది పోయింది, దానిలో ఏది పోయింది" అన్నది మొదటి ప్రశ్న కావాలి. వాటి పక్కన మూడోది కూడా ఉండాలి, ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్ కింద పెట్టిన టెట్రాసైక్లిన్ స్లైడ్. ఈ యాంటీబయాటిక్ తీసుకున్నప్పుడు కొత్తగా ఖనిజం పడుతున్న అంచుకు అంటుకుపోయి, అతినీలలోహిత కాంతిలో పసుపుగా వెలుగుతుందని 1950ల్లో కనుక్కున్నారు. కొన్ని రోజుల తేడాతో రెండు సార్లు ఇచ్చి, ఎముక ముక్క తీసి చూస్తే రెండు పసుపు గీతలు కనబడతాయి. గీతల మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఎముక ఎంత వేగంగా పెరుగుతోందో వస్తుంది. పెద్దవాళ్లలో అది రోజుకు ఒక మైక్రాన్‌లోపే. ప్రాక్టికల్ పరీక్షలో నేను అడగాలనుకునేది ఆ భాగాహారమే, వలయాల బొమ్మ కాదు.